కణవిభజనలో క్రోమోజోముల ప్రతికృతి, అమరిక

క్రోమోజోములు జీవకణపు కేంద్రకంలో ఉండి, జన్యు సమాచారాన్ని ఒక తరం నుండి మరొక తరానికి చేరవేసే పోగుల వంటి నిర్మాణాలు. ఒక కణం రెండుగా విభజన చెందే ముందు అందులోని ప్రతి క్రోమోజోముకు ఒక నకలు తయారవుతుంది. దీనిని ప్రతికృతి అంటారు. తరువాత ఆ రెండు ప్రతులు వేరుపడి చెరొక పిల్లకణానికి చేరతాయి. మానవ శరీరకణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. విభజన పూర్తి అయిన తరువాత రెండు పిల్లకణాలలోనూ అవే 46 ఉండాలి. ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా ఆ కణం నశించవచ్చు, లేదా వ్యాధికి మూలం కావచ్చు.

ఈ కార్యంలో కణం రెండు నియమాలను పాటిస్తుంది. మొదటిది: క్రోమోజోములోని ప్రతి భాగమూ ఒక కణచక్రంలో ఒకే ఒక్కసారి నకలు కావాలి. రెండవది: నకలు తయారైనప్పటి నుండి విడిపోవలసిన క్షణం వరకు జంట ప్రతులు కలిసి ఉండాలి. ఈ రెండు నియమాలను కణం ఏ విధంగా అమలు చేస్తుందో, అవి తప్పినప్పుడు ఏమి జరుగుతుందో ఈ వ్యాసంలో వివరించబడినది.

క్రోమోజోముల సంఖ్య

క్రోమోజోముల సంఖ్య ఒక్కొక్క జీవజాతికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఒక జాతిలో మాత్రం ఆ సంఖ్య సాధారణంగా స్థిరంగా ఉంటుంది. శరీరకణాలలోని సంఖ్యకు కొన్ని ఉదాహరణలు:

- మానవుడు: 46
- ఆవు: 60
- కుక్క: 78
- కోడి: 78
- గుర్రం: 64
- గాడిద: 62
- పండ్ల ఈగ (డ్రోసోఫిలా): 8
- వరి: 24
- గోధుమ: 42
- మొక్కజొన్న: 20
- బఠాణీ: 14
- ఉల్లి: 16

క్రోమోజోముల సంఖ్యకు, జీవి యొక్క సంక్లిష్టతకు సంబంధం లేదు. భారతదేశపు అడవులలో కనిపించే మొరిగే జింక (ముంట్జాక్) జాతిలో ఆడజింకకు 6, మగజింకకు 7 క్రోమోజోములు మాత్రమే ఉంటాయి. క్షీరదాలలో తెలిసినంతవరకు ఇదే అతి తక్కువ సంఖ్య. ముఖ్యమైన విషయం సంఖ్య ఎంత అన్నది కాదు, ఆ సంఖ్య ప్రతి విభజనలోనూ మారకుండా నిలవడం.

పరిశోధన చరిత్ర

జర్మనీకి చెందిన వాల్థర్ ఫ్లెమింగ్ సాలమాండర్ డింభకాల కణాలకు రంగులు పట్టించి, విభజన చెందే కణాలలో పోగులు కనబడటాన్ని, అవి నిలువుగా రెండుగా చీలడాన్ని గమనించాడు. 1882లో ప్రచురించిన గ్రంథంలో ఈ విభజనకు 'మైటోసిస్' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'మిటోస్' అంటే పోగు. తెలుగులో దీనిని సమవిభజన అంటారు. ఈ పోగులకు 'క్రోమోజోము' అనే పేరును 1888లో వాల్డేయర్ సూచించాడు. రంగును బాగా పట్టుకొనే దేహం అని ఆ పదానికి అర్థం.

పోగులు అడ్డంగా తెగకుండా నిలువుగా ఎందుకు చీలుతాయి? ఈ ప్రశ్నను 1883లో విల్‌హెల్మ్ రూ పరిశీలించాడు. పోగు పొడవునా వేరువేరు లక్షణాలకు సంబంధించిన అంశాలు వరుసగా ఉన్నట్లయితే, వాటన్నింటినీ ఇద్దరికీ సమంగా పంచడానికి నిలువు చీలికే తగిన మార్గమని అతడు తర్కించాడు.

1902లో థియోడార్ బొవేరి సముద్రపు అర్చిన్ అండాలపై చేసిన ప్రయోగాలు ఈ ఆలోచనకు బలం చేకూర్చాయి. ఒక అండం రెండు శుక్రకణాలతో ఫలదీకరణ చెందినప్పుడు క్రోమోజోములు పిల్లకణాలకు అస్తవ్యస్తంగా పంచబడతాయి. అటువంటి పిండాలలో అధికభాగం సరిగా ఎదగలేదు. కనుక ప్రతి క్రోమోజోముకు తనదైన పాత్ర ఉన్నదని, ఒకదాని లోటును మరొకటి తీర్చలేదని బొవేరి నిర్ధారించాడు. అదే కాలంలో అమెరికాలో వాల్టర్ సటన్ మిడత కణాలను పరిశీలించి, మెండెల్ చెప్పిన అనువంశిక కారకాలు క్రోమోజోములపైనే ఉండాలని ప్రతిపాదించాడు.

మానవ క్రోమోజోములను లెక్కించడం చాలాకాలం కష్టసాధ్యంగా ఉండేది. 1923 నుండి ఆ సంఖ్య 48 అని పాఠ్యపుస్తకాలలో చెప్పబడుతూ వచ్చింది. 1956లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనేవారు క్రోమోజోములు ఒకదానిపై ఒకటి పడకుండా విడివిడిగా పరచుకొనే పద్ధతిని ఉపయోగించి అసలు సంఖ్య 46 అని నిరూపించారు.

కణచక్రం

ఒక కణం పుట్టినప్పటి నుండి అది రెండుగా విడిపోయే వరకు గల కాలాన్ని కణచక్రం అంటారు. ప్రయోగశాలలో వేగంగా పెరిగే మానవ కణాలలో ఇది సుమారు 24 గంటలు. ఇందులో నాలుగు దశలు ఉన్నాయి.

- జి-1 దశ (సుమారు 11 గంటలు): కణం పెరుగుతుంది. ప్రతికృతికి సన్నాహాలు జరుగుతాయి.
- ఎస్ దశ (సుమారు 8 గంటలు): డి.ఎన్.ఏ. ప్రతికృతి జరుగుతుంది.
- జి-2 దశ (సుమారు 4 గంటలు): ప్రతికృతి పూర్తి అయినదీ లేనిదీ సరిచూడబడుతుంది.
- ఎమ్ దశ (సుమారు 1 గంట): క్రోమోజోములు, ఆపై కణద్రవ్యం విభజన చెందుతాయి.

మొదటి మూడింటిని కలిపి అంతర్దశ అంటారు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు అంతర్దశలో ఏమీ జరగనట్లు కనబడటం వలన పూర్వం దీనిని విశ్రాంతి దశ అనేవారు. నిజానికి నకలు తయారయ్యేది ఈ దశలోనే.

ఒక దశ నుండి మరొక దశకు మారడాన్ని సైక్లిన్లు, వాటితో కలిసి పనిచేసే కైనేజ్ ఎంజైములు నియంత్రిస్తాయి. ఈ నియంత్రణను కనుగొన్నందుకు లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

డి.ఎన్.ఏ. ప్రతికృతి

ప్రతి క్రోమోజోములోనూ ఒకే ఒక పొడవైన డి.ఎన్.ఏ. అణువు ఉంటుంది. దాని రెండు పోచలు మెలికలు తిరిగిన నిచ్చెన వలె అల్లుకొని ఉంటాయి. ఒక పోచలో ఏ (అడినిన్) ఉన్నచోట రెండవ పోచలో టి (థైమిన్), జి (గ్వానిన్) ఉన్నచోట సి (సైటోసిన్) ఉంటాయి. కనుక ఒక పోచ తెలిస్తే రెండవదానిని తయారు చేయవచ్చు. 1953లో వాట్సన్, క్రిక్ ఈ నిర్మాణాన్ని ప్రతిపాదించినప్పుడే నకలు తయారయ్యే మార్గం కూడా అందులో ఇమిడి ఉన్నట్లు గుర్తించారు.

ప్రతికృతిలో రెండు పోచలు విడిపోతాయి. ఒక్కొక్క పాత పోచకు ఎదురుగా ఒక కొత్త పోచ ఏర్పడుతుంది. అందువలన తయారైన రెండు అణువులలోనూ సగం పాతది, సగం కొత్తది. దీనిని అర్ధ సంరక్షక ప్రతికృతి అంటారు. ఇక్కడ 'అసలు', 'నకలు' అనే భేదం లేదు; రెండూ సమానమే. 1957లో హెర్బర్ట్ టేలర్, అతని సహచరులు చిక్కుడు కుటుంబానికి చెందిన విసియా ఫాబా మొక్క వేళ్ళలో రేడియోధార్మిక థైమిడిన్‌ను ఉపయోగించి క్రోమోజోముల స్థాయిలోను, 1958లో మెసెల్సన్, స్టాల్ అనేవారు బాక్టీరియాలో బరువైన నత్రజనిని ఉపయోగించి అణువుల స్థాయిలోను దీనిని నిరూపించారు.

అనేక ప్రారంభ స్థానాలు

మానవుని మొదటి క్రోమోజోములో సుమారు 25 కోట్ల క్షారజతలు ఉన్నాయి. ప్రతికృతి ఒక స్థానంలో మొదలై రెండు వైపులకూ సాగుతుంది. ఒక్కొక్క వైపు వేగం సెకనుకు సుమారు 50 క్షారాలు. అనగా రెండు వైపులా కలిపి సెకనుకు 100. ఈ లెక్కన ఒకే స్థానం నుండి మొదలైతే ఈ క్రోమోజోము నకలు కావడానికి 25 లక్షల సెకన్లు, అంటే దాదాపు 29 రోజులు పడుతుంది. కాని ఎస్ దశ నిడివి సుమారు 8 గంటలే. దీనికి పరిష్కారం ఒకటే: పని అనేక చోట్ల మొదలు కావాలి. మానవ కణంలో ఇటువంటి ప్రారంభ స్థానాలు వేల సంఖ్యలో ఉంటాయి. అన్నీ ఒకేసారి మొదలుకావు; కొన్ని ముందు, కొన్ని తరువాత పని ప్రారంభిస్తాయి.

బాక్టీరియాలలో పరిస్థితి వేరు. ఈ.కోలై బాక్టీరియా క్రోమోజోము వలయాకారంలో ఉంటుంది. దానిలో సుమారు 46 లక్షల క్షారజతలు, ఒకే ప్రారంభ స్థానం ఉన్నాయి. వేగం సెకనుకు సుమారు 1000 క్షారాలు కావడం వలన పని దాదాపు 40 నిమిషాలలో పూర్తవుతుంది.

తప్పుల దిద్దుబాటు

కొత్త పోచను పేర్చే ఎంజైము పేరు డి.ఎన్.ఏ. పాలిమరేజ్. ఇది సుమారు లక్ష క్షారాలకు ఒక తప్పు చేస్తుంది. తప్పు క్షారం చేరిన వెంటనే ఎంజైము వెనుకకు జరిగి దానిని తొలగించి మరల సరైనదానిని చేరుస్తుంది. మిగిలిపోయిన తప్పులను మరమ్మతు ప్రొటీనులు వెతికి సరిచేస్తాయి. ఈ రెండు దిద్దుబాట్ల తరువాత మిగిలే తప్పు సుమారు వంద కోట్లకు ఒకటి. ఈ మరమ్మతు విధానాలను వివరించినందుకు 2015లో థామస్ లిండాల్, పాల్ మాడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒకే ఒక్కసారి

వేల ప్రారంభ స్థానాలలో ఏ ఒక్కటి రెండవసారి పనిచేసినా ఆ భాగం మూడు, నాలుగు ప్రతులుగా తయారవుతుంది. దీనిని కణం నివారించగలదని 1970లో జరిగిన కొన్ని ప్రయోగాలు స్పష్టంగా చూపించాయి. భారతదేశం నుండి అమెరికాకు వెళ్ళి పరిశోధనలు చేసిన పోతు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి, వేరువేరు దశలలో ఉన్న మానవ కణాలను జతచేసి ఒకే కణంగా కలిపారు. ఫలితాలు ఇలా ఉన్నాయి:

- ఎస్ దశ కణాన్ని జి-1 కణంతో కలిపినప్పుడు, జి-1 కేంద్రకం తన సమయానికి ముందే ప్రతికృతిని మొదలుపెట్టింది.
- ఎస్ దశ కణాన్ని జి-2 కణంతో కలిపినప్పుడు, జి-2 కేంద్రకం మరల ప్రతికృతి చేయలేదు.
- విభజన దశలో ఉన్న కణాన్ని అంతర్దశలోని ఏ కణంతో కలిపినా, రెండవ కేంద్రకంలోని క్రోమోజోములు కూడా అకాలంగా దగ్గరగా చుట్టుకొని పోగులుగా కనబడ్డాయి.

ఎస్ దశ కణద్రవ్యంలో ప్రతికృతిని ప్రేరేపించే పదార్థం ఉన్నదని, అయినప్పటికీ ఒకసారి నకలైన కేంద్రకం దానికి స్పందించదని ఈ ప్రయోగాల సారాంశం.

దీని వెనుక ఉన్న కారణం తరువాతి దశాబ్దాలలో తెలిసింది. జి-1 దశలో ప్రతి ప్రారంభ స్థానం వద్ద ఎమ్.సి.ఎమ్. అనే వలయాకార ప్రొటీనులు డి.ఎన్.ఏ.పై అమర్చబడతాయి. ఇది అనుమతిపత్రం వంటిది. ఎస్ దశ మొదలయ్యేసరికి అనుమతులు ఇవ్వడం ఆగిపోతుంది. ప్రేక్షకులకు టిక్కెట్లు ఇచ్చే కిటికీ మూసివేసిన తరువాతనే హాలు తలుపులు తెరిచినట్లు, అనుమతి ఇచ్చే కాలం, వాడుకొనే కాలం ఎప్పుడూ కలిసి ఉండవు. వాడుకొన్న అనుమతి అక్కడితో చెల్లిపోతుంది. కొత్తది విభజన పూర్తి అయిన తరువాతనే లభిస్తుంది. ఈ కిటికీని మూసి ఉంచే ప్రొటీనులలో 1998లో కనుగొన్న జెమినిన్ ఒకటి.

కొనల సమస్య

పాలిమరేజ్ ఎంజైము స్వభావం వలన పొడవాటి డి.ఎన్.ఏ. చిట్టచివరి భాగం పూర్తిగా నకలు కాదు. విభజన జరిగినప్పుడల్లా కొన కొంచెం తరిగిపోతుంది. ఈ కొనలను టెలోమియర్లు అంటారు. మానవులలో టి-టి-ఏ-జి-జి-జి అనే ఆరు అక్షరాల వరుస ఇక్కడ వేలసార్లు పునరావృతం అవుతుంది. తరుగును పూరించే ఎంజైము పేరు టెలోమరేజ్. బీజకణాలలో ఇది చురుకుగా ఉంటుంది. అధికశాతం శరీరకణాలలో ఉండదు. అందువలన శరీరకణాలు కొన్నిసార్లు విభజన చెందిన తరువాత ఆగిపోతాయి. ఈ పరిశోధనకు 2009లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ జోస్టాక్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

డి.ఎన్.ఏ. చుట్టుకొనే విధానం

ఒక మానవ కణంలోని డి.ఎన్.ఏ. మొత్తం పొడవు సుమారు 2 మీటర్లు. అది ఇమిడి ఉండే కేంద్రకం వ్యాసం సుమారు 6 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు. దీనిని పదివేల రెట్లు పెద్దది చేసి ఊహిస్తే, కేంద్రకం బత్తాయి పండంత ఉంటుంది. దానిలోని దారం పొడవు 20 కిలోమీటర్లు, మందం వెంట్రుక కంటే తక్కువ. పైగా అది 46 ముక్కలుగా ఉంటుంది. ప్రతికృతి తరువాత పొడవు 40 కిలోమీటర్లు అవుతుంది. ఇంత దారాన్ని చిక్కు పడకుండా, తెగకుండా రెండు సమభాగాలుగా విడదీయాలి.

మొదటి స్థాయిలో డి.ఎన్.ఏ. హిస్టోన్ ప్రొటీనుల చుట్టూ చుట్టుకొంటుంది. ఎనిమిది హిస్టోన్ల సముదాయం చుట్టూ 147 క్షారజతల డి.ఎన్.ఏ. చుట్టుకొన్న నిర్మాణాన్ని న్యూక్లియోసోము అంటారు. ఇవి పూసల దండలా వరుసగా ఉంటాయి. ఎస్ దశలో డి.ఎన్.ఏ. రెట్టింపు అయినప్పుడు పాత హిస్టోన్లు రెండు ప్రతులకూ పంచబడతాయి. తక్కువైన వాటిని కొత్త హిస్టోన్లు భర్తీ చేస్తాయి. పాత హిస్టోన్లపై ఉన్న రసాయన గుర్తుల ఆధారంగా కొత్తవాటిపై కూడా గుర్తులు ఏర్పడతాయి. ఏ జన్యువు పనిచేయాలి, ఏది మౌనంగా ఉండాలి అనే సమాచారం పిల్లకణాలకు అందడానికి ఇది ఒక మార్గం.

అంతర్దశలో క్రోమోజోములు విడివిడిగా కనబడకపోయినా, అవి కలగాపులగంగా ఉండవు. ఒక్కొక్క క్రోమోజోము కేంద్రకంలో తనదైన ప్రాంతంలో ఉంటుంది.

విభజన దశలో కాండెన్సిన్ అనే ప్రొటీను సముదాయం డి.ఎన్.ఏ.ను ఉచ్చులు ఉచ్చులుగా లాగి దగ్గరకు చేరుస్తుంది. 2018లో కాండెన్సిన్ డి.ఎన్.ఏ. నుండి ఉచ్చును లాగుతుండటాన్ని శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని ద్వారా ప్రత్యక్షంగా చూశారు. ఈ విధంగా క్రోమోజోము పొట్టిగా, లావుగా మారుతుంది. ఫ్లెమింగ్ చూసిన పోగులు ఇవే. జంట ప్రతుల మధ్య పడిన మెలికలను టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము విప్పుతుంది. ఇది ఒక డి.ఎన్.ఏ.ను తాత్కాలికంగా తెంచి, రెండవదానిని ఆ ఖాళీలో నుండి దాటించి, తెగిన కొనలను మరల అతికిస్తుంది.

జంటను కలిపి ఉంచే వలయం

ప్రతికృతి తరువాత ఒక క్రోమోజోములో ఉండే రెండు ప్రతులను సోదర క్రోమాటిడ్లు అంటారు. విద్యార్థులు ఇక్కడ లెక్కను జాగ్రత్తగా గమనించాలి. ఎస్ దశ తరువాత మానవ కణంలో డి.ఎన్.ఏ. రెట్టింపు అవుతుంది, క్రోమాటిడ్ల సంఖ్య 92 అవుతుంది. కాని క్రోమోజోముల సంఖ్య 46గానే ఉంటుంది. ఎందుకనగా క్రోమోజోములను సెంట్రోమియర్లను బట్టి లెక్కిస్తారు. జంట ఇంకా విడిపోలేదు.

నకలు తయారయ్యే సమయంలోనే సోదర క్రోమాటిడ్లను కోహెసిన్ అనే వలయాకార ప్రొటీను సముదాయం బంధిస్తుంది. దీనిని 1997లో ఈస్ట్ కణాలలో గుర్తించారు. ఈ బంధం లేకపోతే 92 ప్రతులు కణంలో చెదిరిపోతాయి. అప్పుడు ఏది దేనికి జతో గుర్తించే మార్గం కణానికి లేదు. జంటలు కలిసి ఉన్నందువలననే "ప్రతి జంట నుండి ఇటు ఒకటి, అటు ఒకటి" అనే సులువైన సూత్రంతో పంపకం సాధ్యమవుతుంది.

సెంట్రోమియర్ అనేది క్రోమోజోముపై నొక్కినట్లు సన్నగా కనబడే భాగం. దీనిపై ఏర్పడే కైనెటోకోర్ అనే ప్రొటీను నిర్మాణానికే కండె పోగులు అతుక్కుంటాయి. సెంట్రోమియర్‌లోని డి.ఎన్.ఏ.లో ఒకే వరుసలు పదేపదే రావడం వలన దానిని చదవడం చాలాకాలం సాధ్యం కాలేదు. 2022లో ప్రచురితమైన సంపూర్ణ మానవ జన్యుపటంలో ఈ భాగాలు కూడా చేరాయి.

సమవిభజన దశలు

ప్రథమదశ: క్రోమోజోములు పొట్టిగా, లావుగా మారి స్పష్టంగా కనబడతాయి. కేంద్రకాంశం అదృశ్యమవుతుంది. జంతుకణాలలో రెండు సెంట్రోసోములు వ్యతిరేక ధ్రువాలకు జరుగుతాయి. వాటి మధ్య సూక్ష్మనాళికలతో కండె ఏర్పడుతుంది. నూలు చుట్టే కండె వలె మధ్యలో లావుగా, కొనల వద్ద సన్నగా ఉండటం వలన దీనికి ఆ పేరు వచ్చింది. మొక్కలలో సెంట్రోసోములు లేకుండానే కండె ఏర్పడుతుంది. ఈ దశ చివర కేంద్రక త్వచం విడిపోతుంది. కోహెసిన్ వలయాలలో అధికభాగం క్రోమోజోము భుజాల నుండి ఊడిపోతాయి. సెంట్రోమియర్ వద్ద ఉన్నవాటిని మాత్రం షుగోషిన్ అనే ప్రొటీను కాపాడుతుంది. జపాను భాషలో ఈ మాటకు కావలి దేవత అని అర్థం.

మధ్యదశ: సోదర క్రోమాటిడ్లలో ఒకదాని కైనెటోకోర్‌కు ఒక ధ్రువం నుండి, రెండవదానికి ఎదుటి ధ్రువం నుండి పోగులు అతుక్కుంటాయి. ఇరువైపుల లాగుడు సమానం కావడంతో క్రోమోజోములన్నీ కణం మధ్యరేఖపై వరుస తీరుతాయి.

చలనదశ: కోహెసిన్ వలయాలు తెగుతాయి. అన్ని జంటలూ దాదాపు ఒకే సమయంలో విడిపోయి వ్యతిరేక ధ్రువాలకు ప్రయాణిస్తాయి. ఈ క్షణంలో ఒక్కొక్క క్రోమాటిడ్‌ను క్రోమోజోముగానే లెక్కించాలి. కనుక కణంలో తాత్కాలికంగా 92 క్రోమోజోములు ఉంటాయి.

అంత్యదశ: రెండు ధ్రువాల వద్ద కేంద్రక త్వచాలు మరల ఏర్పడతాయి. క్రోమోజోములు వదులై పలుచబడతాయి. తరువాత కణద్రవ్యం విభజన చెందుతుంది. జంతుకణాలలో నడుమ నొక్కు ఏర్పడి కణం రెండవుతుంది. మొక్కలలో మధ్యగా కొత్త గోడ ఏర్పడుతుంది.

తనిఖీ వ్యవస్థ

కోహెసిన్ తెగిన తరువాత జంటను మరల కలపడం సాధ్యం కాదు. అందువలన ఆ నిర్ణయానికి ముందు కణం ప్రతి క్రోమోజోమును సరిచూస్తుంది. పోగు అతుక్కోని కైనెటోకోర్ ఒక్కటి ఉన్నా, అది 'ఆగండి' అనే రసాయన సంకేతాన్ని వెలువరిస్తుంది. మిగిలిన 45 సిద్ధంగా ఉన్నా విభజన ఆగుతుంది. ఈ తనిఖీకి అవసరమైన జన్యువులను 1991లో ఈస్ట్‌లో కనుగొన్నారు.

పోగు సరైన వైపు నుండి అతుక్కున్నదో లేదో కణానికి ఎలా తెలుస్తుంది? దీనికి ఆధారం బిగువు. రెండు వైపుల నుండి లాగుతూ ఉంటేనే, మధ్యలో కోహెసిన్ పట్టి ఉంచితేనే, బిగువు ఏర్పడుతుంది. రెండు ప్రతులూ ఒకే ధ్రువానికి అతుక్కుంటే బిగువు ఉండదు. అప్పుడు అరోరా-బి అనే ఎంజైము ఆ పోగులను వదులు చేసి మరొక అవకాశం ఇస్తుంది. బ్రూస్ నిక్లాస్ అనే అమెరికా శాస్త్రవేత్త మిడత కణాలలో అతి సన్నని గాజు సూదితో క్రోమోజోములను లాగి, బిగువు కలిగిస్తే తప్పు అతుకు కూడా నిలుస్తుందని 1969లో చూపించాడు. 1995లో మాంటిస్ అనే కీటకపు కణాలలో, జత దొరకక విభజనను ఆపుతున్న ఒక క్రోమోజోమును సూదితో లాగగానే ఆటంకం తొలగి విభజన ముందుకు సాగింది.

అన్నీ సరిగా ఉన్నట్లు తేలిన తరువాత సెక్యూరిన్ అనే ప్రొటీను నాశనం చేయబడుతుంది. అంతవరకు సెక్యూరిన్ అదుపులో ఉన్న సెపరేజ్ అనే ఎంజైము విడుదలై కోహెసిన్ వలయాలను కత్తిరిస్తుంది. కత్తి మొదటి నుండి కణంలోనే ఉంటుంది. దానిని ఒరలో నుండి తీసేది చివరి క్రోమోజోము సిద్ధమైనప్పుడే.

క్షయకరణ విభజన

అండాలు, శుక్రకణాలు ఏర్పడేటప్పుడు క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గాలి. లేనట్లయితే ప్రతి తరంలోనూ సంఖ్య రెట్టింపు అవుతూ పోతుంది. ఈ తగ్గింపు క్షయకరణ విభజన ద్వారా జరుగుతుంది. ఇందులో ప్రతికృతి ఒక్కసారి, విభజన రెండుసార్లు జరుగుతాయి.

మొదటి విభజనలో తండ్రి నుండి వచ్చిన క్రోమోజోము, తల్లి నుండి వచ్చిన అదే రకపు క్రోమోజోము పక్కపక్కన చేరతాయి. వీటిని సమజాత క్రోమోజోములు అంటారు. అవి తమ మధ్య కొన్ని ముక్కలను మార్చుకొంటాయి. దీనిని వినిమయం అంటారు. వినిమయం వలన వైవిధ్యం కలుగుతుంది. అంతేగాక, సమజాత జంట విడిపోకుండా కలిసి ఉండటానికి కూడా అది తోడ్పడుతుంది. మొదటి విభజనలో సమజాత క్రోమోజోములు విడిపోతాయి. రెండవ విభజనలో సోదర క్రోమాటిడ్లు విడిపోతాయి.

జత దొరకనప్పుడు ఈ విభజన సాగదు. గుర్రం 64, గాడిద 62 క్రోమోజోముల జంతువులు కాగా, వాటి సంకరమైన కంచర గాడిదకు 63 ఉంటాయి. అవి సరిగా జతపడలేకపోవడం వలన కంచర గాడిదలు సాధారణంగా గొడ్డువి. మనం తినే అరటి రకాలలో చాలావాటికి ప్రతి క్రోమోజోమూ మూడేసి ఉంటాయి. మూడింటిని రెండుగా సమంగా పంచడం సాధ్యం కాదు. ఆ పండ్లలో విత్తనాలు లేకపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం.

పంపకంలో లోపాలు

జంట విడిపోకుండా రెండు ప్రతులూ ఒకే కణానికి చేరితే ఒక పిల్లకణంలో ఒకటి ఎక్కువ, మరొకదానిలో ఒకటి తక్కువ అవుతాయి. మానవులలో గర్భం దాల్చిన తొలి మూడు నెలలలో జరిగే గర్భస్రావాలలో సుమారు సగానికి ఇటువంటి క్రోమోజోము లోపాలే కారణం.

21వ క్రోమోజోము మూడు ప్రతులు ఉన్నప్పుడు డౌన్ సిండ్రోమ్ కలుగుతుంది. దీని లక్షణాలను 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ వివరించగా, కారణం 1959లో ఫ్రాన్స్‌లో బయటపడింది. 18వ క్రోమోజోము అధికమైతే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్, 13వది అధికమైతే పటావ్ సిండ్రోమ్ కలుగుతాయి. స్త్రీలలో ఒకే ఎక్స్ క్రోమోజోము ఉంటే టర్నర్ సిండ్రోమ్, పురుషులలో ఒక ఎక్స్ అధికంగా ఉంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు.

డౌన్ సిండ్రోమ్ సంభావ్యత తల్లి వయస్సుతోపాటు పెరుగుతుంది. 20 ఏళ్ళ వయస్సులో సుమారు 1,500 కాన్పులకు ఒకటి, 35 ఏళ్ళకు సుమారు 350కి ఒకటి, 40 ఏళ్ళకు సుమారు 100కు ఒకటిగా ఉంటుంది. దీనికి కారణం అండాల చరిత్రలో ఉన్నది. ఆడశిశువు తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఆమె అండాలకు మూలమైన కణాలలో ప్రతికృతి పూర్తి అయి, క్షయకరణ విభజన మొదలై మధ్యలో ఆగిపోతుంది. అది మరల సాగేది ఆ అండం విడుదలయ్యే నెలలోనే. అనగా 40 ఏళ్ళ స్త్రీ అండంలో జంటలను పట్టి ఉంచవలసిన కోహెసిన్ వలయాలు 40 ఏళ్ళకు పైగా ఆ పని చేస్తున్నాయి. అవి కొత్తగా భర్తీ కావని, కాలక్రమాన క్షీణిస్తాయని ఎలుకలపై జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. అధికమైన క్రోమోజోము కొందరిలో తండ్రి నుండి కూడా వస్తుంది.

తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు తిన్న ఆహారం వలన గాని, గ్రహణ సమయంలో బయటకు రావడం వలన గాని ఈ స్థితి కలగదు. అది చాలావరకు గర్భధారణకు ముందే, అండం లేదా శుక్రకణం ఏర్పడేటప్పుడే నిర్ణయమై ఉంటుంది. దీనికి ఎవరినీ నిందించవలసిన పని లేదు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో సుమారు సగం మందికి పుట్టుకతో గుండె లోపాలు ఉంటాయి. వాటికి సకాలంలో చికిత్స, తగిన విద్య లభిస్తే వారు చదువుకొని, పనులు చేసుకొని జీవించగలుగుతారు.

శరీరకణాలలో పంపకం తప్పడానికి, కాన్సరుకు సంబంధం ఉండవచ్చని 1914లోనే బొవేరి ఊహించాడు. అధికశాతం కాన్సరు కణితులలో క్రోమోజోముల సంఖ్య అసాధారణంగా ఉంటుందని నేడు తెలుసు.

ఔషధాలు

విభజనను ఆపగల పదార్థాలు కొన్ని మొక్కలలో లభిస్తాయి. తెలుగువారి పెరళ్ళలో సాధారణంగా కనబడే బిళ్ళగన్నేరు మొక్క నుండి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు లభిస్తాయి. ఇవి సూక్ష్మనాళికలు ఏర్పడకుండా చేస్తాయి. కండె లేకపోవడంతో తనిఖీ వ్యవస్థ విభజనను ఆపివేస్తుంది. ఆగిపోయిన కణాలు చాలావరకు నశిస్తాయి. పిల్లలలో వచ్చే రక్త కాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైనది. యూ జాతి చెట్టు బెరడు నుండి మొదట వేరుచేసిన టాక్సాల్ దీనికి విరుద్ధంగా, ఏర్పడిన సూక్ష్మనాళికలు విడిపోకుండా బిగిస్తుంది. దీని నిర్మాణాన్ని 1971లో మన్రో వాల్, భారతదేశంలో జన్మించిన మన్సుఖ్ వాణి, వారి సహచరులు వెల్లడించారు. అడవినాభి మొక్కలో ఉండే కాల్చిసిన్ కూడా కండెను నిరోధిస్తుంది. క్రోమోజోములను లెక్కించడానికి కణాలను మధ్యదశలో ఆపేందుకు దీనిని వాడతారు. ఈ మొక్కలన్నీ విషపూరితమైనవి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రాణాపాయం.

ప్రయోగశాలలో పరిశీలన

సమవిభజనను పాఠశాల, కళాశాల ప్రయోగశాలలలో ఉల్లి వేరు కొనలో సులభంగా చూడవచ్చు. ఉల్లిగడ్డ అడుగు భాగం నీటికి తగిలేటట్లు ఉంచితే కొద్ది రోజులలో వేళ్ళు వస్తాయి. వాటి కొనలను కత్తిరించి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమంలో స్థిరీకరించి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజుపలకపై ఉంచి మృదువుగా నొక్కి సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. అత్యధిక కణాలు అంతర్దశలోనే కనబడతాయి. ఎందుకనగా కణచక్రంలో ఎక్కువ కాలం గడిచేది ఆ దశలోనే. అన్నింటికంటె అరుదుగా దొరికేది చలనదశ. ఎంతో సన్నాహం తరువాత జంటలు విడిపోయే ఆ ఘట్టం కొద్ది నిమిషాలలో ముగుస్తుంది.